సగటు నాలుగు నిమిషాలు

కోవిడ్ వార్డులోని రోగులు ఇంటివాళ్ళతో వీడియోలో మాట్లాడటానికి మా ఆసుపత్రి ట్యాబ్లెట్లు కొంది. వాటివల్ల ఒరిగిందేమిటో ఐటీ కమిటీకి చూపించాల్సింది నేను. ఐర్లండ్‌లోని కార్క్‌లో మా వంటగదిలో కూర్చుని, తెలివి ఒలకబోస్తూ రాశాను: “సగటు కాల్ పన్నెండు నిమిషాల నుంచి నాలుగుకు తగ్గింది. ఒక్కో ట్యాబ్లెట్ ఎక్కువమందికి అందుతోంది.”

“గ్రాండ్!” అన్నాడు చైర్మన్, ఆన్‌లైన్ మీటింగులో.

మర్నాడు ఆ వార్డు నర్సు మధులిక ఫోన్ చేసింది.

“రామ్మోహనన్నా, నీ రిపోర్టు చూసిన. కాల్స్ ఎందుకు తగ్గినయో ఒక్కరినన్నా అడిగినవా?”

“వైఫై బాగుపడిందిగా.”

“మాట మధ్యలనే పానాలు పోతున్నయన్నా.”

నాకు తల కొట్టేసినట్టయింది. కారణం చెప్పి, ఆ వాక్యం తీసేయమని చైర్మన్‌కి రాశాను. జవాబు వెంటనే వచ్చింది. కమిటీ ఆమోదించేసిందట. వచ్చే త్రైమాసికానికి లక్ష్యం మూడు నిమిషాలట.