రెండు చీటీలు, ఒకే అంకె

చిన్నకోడలి కడుపులో మూడేళ్ళుగా రగులుతున్న మంటకి కారణం ఆమె బావగారు, అంటే ఆ ఇంటి పెద్దకొడుకు.

వాళ్ళది సొంత డెయిరీ. వచ్చిన ప్రతి క్యానులోంచీ పాలు తీసి, లాక్టోమీటర్ ముంచి, నీళ్ళు కలిశాయో లేదో చూసేది వీళ్ళిద్దరే. అంకె ఇరవైయారుకి తగ్గితే నీళ్ళు కలిసినట్టు. దానికి మామగారు పెట్టిన పద్ధతి ఒకటుంది. ముందు కోడలు కొలిచి, అంకె చీటీ మీద రాసి, మడిచి స్టీలు గ్లాసులో వేస్తుంది. తర్వాత కొడుకు విడిగా కొలిచి తన చీటీ వేస్తాడు. రెండూ మామగారే విప్పుతారు.

మూడేళ్ళ కిందట నీళ్ళు కలిసిన పాలు ఒక క్యానుడు కొనేవాళ్ళ దాకా వెళ్ళిపోయాయి. బావగారు అందరిముందూ "మా మరదలికి అంకెలు సరిగ్గా కనపడవులే" అని నవ్వాడు. ఆ రోజునుంచీ పనివాళ్ళకి ఆమె 'గుడ్డి మీటర్' అయిపోయింది. "మరి మీ చీటీలోనూ ఇరవైతొమ్మిదే ఉందిగా?" అని నిలదీస్తే ఆయన మాట దాటేశాడు. ఇద్దరికీ ఒకే అంకె వచ్చిందంటే పాలు కొలిచే బల్ల దగ్గర బాగున్నట్టే, నీళ్ళు కలిసింది ఆ తర్వాత, ఆయన చూసుకునే పాల వ్యానులోనే. ఆమె పట్టిన పట్టు అదే.

పైగా ఆ మహానుభావుడు ఏదో శిక్షణకి వెళ్ళొచ్చి గోడకి ఒక బోర్డు తగిలించాడు. 'విమర్శనాత్మక ఆలోచన అంటే విన్నదాన్ని వెంటనే నమ్మకుండా, ఆధారం అడిగి, స్వయంగా పరీక్షించి తేల్చుకోవడం.' దాన్ని రోజూ పనివాళ్ళకి చదివి వినిపిస్తుంటే ఆమెకి ఒళ్ళు మండిపోయేది.

పోయిన వారం ఆమె పరధ్యానంలో ఇరవైయెనిమిదికి బదులు ముప్పైయొకటి రాసింది. మామగారు విప్పితే బావగారి చీటీలోనూ ముప్పైయొకటే! ఆమెకి విషయం అర్థమైపోయింది. ఈయన కొలవడం లేదు, ఆమె చీటీ విప్పి చూసి అదే అంకె ఎక్కిస్తున్నాడు.

ఇంక ఆగుతుందా? మంగళవారం పొద్దున్నే మంచి పాల క్యానులో అర బకెట్ నీళ్ళు గుమ్మరించింది. మీటరు ఇరవైరెండు దగ్గర ఆగింది. చీటీ మీద ఇరవైతొమ్మిది అని నిక్షేపంగా రాసి గ్లాసులో వేసింది.

మామగారు విప్పారు. రెండింటిలోనూ ఇరవైతొమ్మిదే.

"మామయ్యా, ఈ క్యాను ఒక్కసారి మీరే కొలవండి. నీళ్ళు కలిపింది నేనే."

ఆయన కొలిచారు. కొడుకు వైపు చూశారు. "ఎన్నాళ్ళనుంచిరా ఈ కాపీ?"

బావగారి మొహం మాడిపోయింది. పనివాళ్ళు నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. మూడేళ్ళ కసి ఒక్క గుక్కలో తీరినట్టయి, ఆమె "ఆ బోర్డు ఇంకోసారి చదివి వినిపించండి బావగారూ" అంది.

మామగారు మాత్రం ఆలోచనలో పడ్డారు. "అమ్మాయ్, మరి ఆ నీళ్ళపాల రోజున? ఇద్దరికీ ఒకే అంకె వచ్చిందనేగా వ్యాను మీదికి తోశావు. వీడు ఆ రోజు కొలవకపోతే, ఆ ఇరవైతొమ్మిది ఎవరిది?"

ఆమె ఇన్నాళ్ళూ ఆ ప్రశ్న తనని తాను అడగనేలేదు.

తలదించుకుని నిలబడ్డ బావగారు మెల్లగా తలెత్తాడు. మూడేళ్ళుగా ఆ మాట దాటేస్తూ వచ్చిన మనిషి ఇప్పుడు ఒక్కో మాటా నొక్కి నొక్కి చెప్పాడు.

"అవును నాన్నా. ఆ రోజు కూడా తన చీటీ చూసే రాశాను. ఆ ఇరవైతొమ్మిది తనొక్కదానిదే."