గోడ వెనక గుర్రాలు

ఆదివారం మధ్యాహ్నం మంగోలుల ఓడలు మళ్ళీ కనిపించాయి.

నేను వేలూరులో, సత్తువాచారిలోని మా ఇంటి హాల్లో టీవీ ముందు కూర్చుని ఉన్నాను. మా అమ్మాయి నివేదిత గుడియాత్తంలో తన అత్తగారింట్లో ఎడమ పక్కకు తిరిగి పడుకుని ఉంది. దానికి ఏడో నెల. లేచి తిరగకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అందుకని మేమిద్దరం కలుసుకునేది జపాను సముద్రతీరంలో. అక్కడ ఒక పొడవాటి రాతి గోడ ఉంది. తూర్పు కొస నా కాపలా, పడమటి కొస దాని కాపలా. ఇద్దరికీ చెరి కొందరు సమురాయ్ వీరులు, విల్లులు, గుర్రాలు.

"అమ్మా, గుర్రాలను యాడికి తోల్తా ఉండావు?" అని చెవుల్లో దాని గొంతు.

"యాడికీ లేదు. ఇసకలో కొంచెం ముందుకు. వాళ్ళు పడవలు దిగతా ఉండారే!"

"దిగనీ. దిగినోళ్ళు గోడకాడికి రావాల కదా? నువ్వు గోడ దాటొద్దు. పోయిన తూరి ఇట్లనే దాటి అందరినీ చంపుకుంటివి."

అది నిజమే. ఈ వీడియో ఆటలో ఇసుక మీదికి వెళ్ళినవాడు తిరిగి రాడు. వాళ్ళ బాణాలు మన బాణాలకంటే దూరం పోతాయి. మట్టికుండల్లో పేలుడుమందు కూరి విసిరితే గుర్రాలు బెదిరిపోతాయి. గోడ వెనకే కూర్చుని, ఎక్కివచ్చినవాణ్ణి కొడుతూ, ఉన్న బియ్యాన్ని పొదుపుగా తింటూ ఉంటే ఏదో ఒక రోజు తుపాను వచ్చి ఓడలన్నిటినీ ముంచేస్తుంది. ఎప్పుడు వస్తుందో ఆట చెప్పదు. తెర మూలన ఒక చిన్న జెండా ఉంటుంది, అది తిరిగితే తుపాను బయల్దేరినట్టు. నేను కాలేజీలో చరిత్ర చదివినదాన్ని. ఆ ఓడల గతి ఏమైందో నాకు తెలుసు. తెలిసినా చేతులు ఊరుకోవు. జెండా వంక చూస్తూ కూర్చోవడంకంటే గుర్రాలను తోలడమే సులభం నాకు.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. సీమంతం అత్తగారింట్లోనే, మంచం పక్కనే, నాలుగు గాజులు తొడిగి అయిందనిపించారు. దాన్నే నేను మింగలేకపోయాను. డాక్టరమ్మ ప్రయాణం వద్దన్నది బస్సు గురించేనని నాకు నేనే అర్థం చెప్పుకుని, మా వీధి సుబ్బరాయులుతో బుధవారానికి కారు మాట్లాడేశాను. అతను పాలగిన్నె పెట్టుకుని నడిపినట్టు నడుపుతాడు. వెనక సీటులో పరుపు వేస్తే ఊయలలో తెచ్చినట్టు తేవచ్చు. నివేదితతో చెబితే "చూస్తాం లేమ్మా" అంది. అల్లుడు శక్తివేల్ ఏమీ అనలేదు. అతను నాకు అడ్డు చెప్పడు.

అడ్డు చెప్పకపోవడానికి కారణం ఉంది. వాళ్ళదీ తెలుగిల్లే, కానీ గుడియాత్తం తెలుగు. సగం అరవం. పెళ్ళైన కొత్తలో అతను "అత్తా, తణ్ణి తాగతారా?" అన్నాడు. "నీళ్ళు అనాల నాయనా" అన్నాను. "కదవు మూసేదా?" అంటే "తలుపు" అన్నాను. నవ్వుతూనే అన్నాను. అప్పటినుంచి నాతో మాట్లాడేటప్పుడు బియ్యంలో రాళ్ళు ఏరినట్టు మాటలు ఏరుకుంటాడు. లుంగీల గోడౌనులో పదిమంది మీద కేకలు వేసే మనిషి, నా ముందు ఒక వాక్యం పూర్తి చెయ్యడానికి అంతసేపు తీసుకుంటే నాకు ఓపిక చాలదు. మిగతా సగం నేనే చెప్పేస్తాను.

వంటింట్లో కుక్కరు కూసింది.

"ఉండు, స్టవ్ ఆపి వస్తా" అన్నాను.

"గుర్రాలను లోపలికి తెచ్చి పో!"

తేలేదు. చెవుల మీది హెడ్‌సెట్‌తోనే వంటింట్లోకి వెళ్ళాను. స్టవ్ మీద చెయ్యి వేశానో లేదో, "అమ్మా!" అని నివేదిత అరిచింది. దాని వెనకే ఏదో దభీమని పడిన చప్పుడు. తర్వాత శక్తివేల్ గొంతు, రొప్పుతూ.

"అత్తా... గాలి! అంతా గాలి అత్తా!"

అంతే. చెవుల్లో ఏమీ లేదు.

మా ఊరి అరవంలో ఆ మాటకు ఒకటే అర్థం. బిందెలో నీళ్ళు గాలి, బండిలో పెట్రోలు గాలి. ఆస్పత్రి వాకిట్లో నిలబడినవాళ్ళు "ఆళ్ గాలి" అంటే మనిషి పోయినట్టు. మన ఖాళీయే అది, అయిపోయింది, ఏమీ మిగల్లేదు అని. ఏరుకునే ఓపిక లేనప్పుడు మనిషి నోట్లోంచి తన మాటే వస్తుంది కదా.

హాల్లోకి వచ్చి చూస్తే అవతలివారి సంబంధం తెగిందని తెర మీద రాసి ఉంది. దాని వెనక నా గుర్రాలు ఇసుకలో బిగుసుకుని నిలబడి ఉన్నాయి. నివేదిత ఫోను పలకలేదు. శక్తివేల్ ఫోను పలకలేదు. వాళ్ళమ్మ సరస్వతమ్మగారు ఆర్కాడులో పెళ్ళికి పోయి ఉన్నారు. మేళం చప్పుడులో ఆమెకు నా గొంతు వినబడలేదు, నాకు ఆమె గొంతు వినబడలేదు. మా ఆయన పద్మనాభన్ పొలం పని మీద కావేరిపాక్కంలో ఉన్నాడు.

"ఇంకోతూరి చేసి చూడు. కొంచెంసేపు చూసి..." అన్నాడాయన.

"మీరు చూస్తా ఉండండి" అని పెట్టేశాను.

సుబ్బరాయులు కారు తీసుకుని తిరుత్తణికి పోయాడట. ఆటో పట్టుకుని కొత్త బస్‌స్టాండుకు పోయి, కదులుతున్న గుడియాత్తం బస్సు ఎక్కాను. సీటు దొరికింది కానీ అందులో కూర్చోలేకపోయాను. కిటికీ తీశాను, మూశాను. స్టవ్ ఆపానా? పక్కింటి సుమితకు ఫోను చేశాను. ఆమె దగ్గర మా ఇంటి తాళం ఒకటి ఉంటుంది.

"ఆపే ఉండాది అక్కా" అందామె కాసేపటికి. "కానీ టీవీ ఆన్‌లోనే ఉండాది. ఎవురో గుర్రాల మీద కూర్చోని నన్నే చూస్తా ఉండారు. ఆపేసేదా?"

"వద్దు, అట్లే ఉండనీ" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

బస్సు పళ్ళికొండ దాటి పాలారు మీదికి వచ్చేసరికి నేను మనసులో ఎన్నోసార్లు ఆస్పత్రికి పోయి వచ్చాను. రోడ్డు మీద ఆకులు, పుల్లలు పరిచినట్టు పడి ఉన్నాయి. ఒక టీకొట్టు రేకు ఊడి చేలో పడి ఉంది. అవన్నీ చూస్తూనే ఉన్నాను, ఏదీ నా బుర్రలోకి పోలేదు. కొంత దూరం పోయాక బస్సు ఆగిపోయింది. ముందు ఒక చింతచెట్టు రోడ్డుకు అడ్డంగా పడి ఉంది.

"నల్ల కాత్తు సార్, పేయ్ కాత్తు!" అని కండక్టరు డ్రైవరుతో అంటున్నాడు. ఆ రెండూ నా పక్కనుంచి పోయాయి. కాత్తు కాత్తే కదా, దానితో నాకేం పని?

"వేరే దారి లేదా? తొందరగా పోవాల" అన్నాను లేచి నిలబడి.

"మరం విళుందిరుక్కుమ్మా" అని చెట్టు వంక చెయ్యి చూపించాడు, నేను గుడ్డిదాన్నన్నట్టు.

చివరికి బస్సును వెనక్కి తిప్పి, చేల మధ్య బండిబాటలోకి దించాడు. ఆ బాటలో ప్రతి గుంటా నా పొట్టలో తగిలింది. ఒకచోట ఎంత ఎగిరిపడ్డానంటే నా తల పైనున్న కడ్డీకి కొట్టుకుంది. పక్కసీటు ముసలామె నా చెయ్యి పట్టుకుని లాగి కూర్చోబెట్టింది.

"కూర్చోమ్మా, నువ్వు నిలబడితే బస్సు వేగంగా పోతాదా?" తెలుగే. కాసేపు నన్ను పైకీ కిందికీ చూసింది. "మెళ్ళో ఏందది? చెవుడు మిషనా?"

తడిమి చూసుకుంటే మెడలో హెడ్‌సెట్ వేలాడుతోంది. ఆటోలో, బస్‌స్టాండులో, అందరి ముందూ అట్లాగే వచ్చాను.

"అవునవ్వా" అన్నాను. ఏం చెప్పను?

"పాపం, ఈ వయసుకే" అని, గట్టిగా వినబడాలని నా చెవి దగ్గరికి వంగింది. "ఏం గాలమ్మా! ఏం గాలి! మా అరటితోటంతా పండుకోనేసినాది. కరెంటు లేదు, ఫోను లేదు. అంతా గాలి!"

నేను ఆమె చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాను.

"ఏమన్న్యావు అవ్వా?"

"గాలీ!" అని అరిచింది పాపం, నా చెవుడు మీద జాలితో. బస్సంతా వెనక్కి తిరిగి చూసింది.

గాలి. కండక్టరు అన్న కాత్తు అదే. ఆకులు, పుల్లలు, రేకు, చింతచెట్టు. నాకిది తెలియని మాటా? నా సొంత మాట. శక్తివేల్ నోట్లోంచి వచ్చింది గనక నేను దాన్ని అరవంలో విన్నాను.

కానీ అక్కడితో నెమ్మది దొరకలేదు. నివేదిత ఎందుకు అరిచింది? దభీమని పడింది ఏమిటి? గాలి అని చెప్పడానికి అంత రొప్పుతాడా మనిషి? ఒక అర్థం వచ్చి కూర్చుంటే రెండోది లేచి పోలేదు. రెండూ నాకు చెరోపక్కా కూర్చుని బస్సుతోపాటు ఎగిరాయి. ఇంకో గుంట వచ్చింది. రెండు చేతులూ పొట్టకు అడ్డం పెట్టుకున్నాను, అందులో ఏదో ఉన్నట్టు. ఈ దారినేనా, పరుపు వేసి ఊయలలో తెస్తానన్నది?

గుడియాత్తంలో కరెంటు లేదు. వాళ్ళ వీధి మొదట్లో కొబ్బరిమట్ట ఒకటి తీగల మీద వేలాడుతోంటే ఆటో అక్కడే ఆగిపోయింది. మిగతా దూరం పరుగెత్తాను. తలుపు తీసే ఉంది. గడప దగ్గర చెయ్యి ఆనించి ఊపిరి తీసుకుంటుంటే లోపలి గదిలోంచి నివేదిత గొంతు వినబడింది.

"ఈపాటికి మా అమ్మ గుర్రాలను సముద్రం దాకా తోలి ఉంటాది. కావాలంటే పందెం."

"అత్త అట్లా చెయ్యరు. నేను గాలి అని చెప్పినాను కదా. ఆయమ్మకు అర్థమై ఉంటాది."

నేను గడప మీదే కూర్చుండిపోయాను.

చప్పుడు విని శక్తివేల్ బయటికి వచ్చాడు. "అత్తా! మీరా? ఎట్లా వచ్చినారు, దారిలో చెట్లు..." అని ఆగి, మాట ఏరుకోబోయాడు. ఈసారి నేను పూర్తి చెయ్యలేదు. కాచుకున్నాను. "చెట్లు పడిపోయి ఉండాయే!" అన్నాడు.

"ఏం పడింది ఇంట్లో? దభీమన్నాదే?"

"కిటికీ కదవు... తలుపు. దాని తలుపు ఊడి పడినాది. నివీ బెదిరి అరిచినాది. లేయొద్దని నేను మేడ మీదినుంచి పరుగెత్తుకోని వచ్చి నివీని పట్టుకున్న్యాను. మీరు వింటా ఉండారని తెలుసు, అందుకని చెప్పినాను. అంతలో కరెంటు పోయినాది." కొంచెం సిగ్గుపడ్డాడు. "కాత్తు అనే నోట్లోకి వచ్చినాది అత్తా. మీరు కదా అని గాలి అన్న్యాను. సరిగ్గానే చెప్పినానా?"

"సరిగ్గానే చెప్పినావు నాయనా" అన్నాను. "నేనే సరిగ్గా వినలేదు."

గదిలో నివేదిత ఎడమ పక్కకే పడుకుని ఉంది. నా మెడలో హెడ్‌సెట్టు చూసింది. నా కాళ్ళు చూసింది. ఒకటి నా చెప్పు, ఒకటి వాళ్ళ నాన్నది. కాసేపు ఆలోచించింది. నేను పెంచిన పిల్ల, దానికీ రెండు భాషలూ వచ్చు.

"గాలి... అయ్యో అమ్మా, నువ్వు అరవంలో విన్న్యావా?"

అది దిండులో మొహం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "నవ్వించొద్దు, నవ్వించొద్దు, ఆడ నొప్పి చేస్తాది. గోడ దాటొద్దంటే దాటి గుడియాత్తం దాకా వచ్చినాది చూడు!"

"ఏమైనాది?" అని శక్తివేల్ అడిగాడు.

"ఏంలే నాయనా. కొంచెం నీళ్ళియ్యి" అన్నాను. తర్వాత ఏమనిపించిందో, "తణ్ణి" అన్నాను. అతను నన్ను వింతగా చూస్తూ పోయాడు.

నేను మంచం అంచున కూర్చుని దాని పొట్ట మీద చెయ్యి పెట్టాను. లోపలి బిడ్డకు గాలీ తెలియదు, కాత్తూ తెలియదు. నా అరచేతిని ఒకసారి తన్ని ఊరుకుంది.

"అమ్మా, బుధవారం..." అని నివేదిత మెల్లగా అంది. ఇంతకాలం చెప్పలేకపోయినదాన్ని ఇప్పుడు చెప్పబోతోందని దాని మొహంలో కనిపించింది.

"కారు వద్దని చెప్పేస్తాను, సిగ్నల్ రానీ" అన్నాను. "ఆ దారిలో ఎవురొస్తారు?"

అది నా వేలు పట్టుకుంది.

పొద్దు వాలుతుండగా కరెంటు వచ్చింది, దాని వెనకే ఫోనులూ. నేను వరండాలోకి పోయి సుబ్బరాయులుకు చెప్పాను. "ఏమ్మా, పరుపు కూడా ఎండకు వేసినామే!" అన్నాడు. "ఎండనీ" అన్నాను. మా ఆయనకు చెప్పాను. టీవీ ఆపమని సుమితకు చెప్పాను.

తిరిగి వచ్చేసరికి నివేదిత తెర వెలిగించి పెట్టింది. ఆట ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది. ఓడలు, పడవలు, ఇసుకలో నా గుర్రాలు, వాటి ఎదురుగా దిగుతున్న మనుషులు. శక్తివేల్ నాకు కుర్చీ వేసి తన చేతిలోని ఆట కంట్రోలరు నాకిచ్చాడు.

గుర్రాలను వెనక్కి తిప్పాను. రెండు పోయాయి. మిగిలినవాటిని గోడ లోపలికి తెచ్చి నిలబెట్టాను. జెండా కదల్లేదు. మంగోలుల డప్పులు దగ్గరికి వస్తున్నాయి.

"ఇప్పుడేం చేసేది?" అన్నాను.

"ఏం చెయ్యొద్దు" అంది నివేదిత.

బొటనవేళ్ళు దురద పెడుతున్నాయి. గోడ వెనక నా గుర్రాలు నేలను తవ్వుతున్నాయి. నేను జెండా వంక చూస్తూ కూర్చున్నాను.