మాట తప్పని ఊరు

రాయికి తెలిసిపోదూ, ఇది హాజీ కొట్టు బియ్యమని, మెతుకుకీ మెతుక్కీ చుట్టరికం లేనట్టు విడివిడిగా పడున్నాయి పళ్ళెంలో, మన ఎర్రతోక బియ్యమైతే ఈపాటికి వాసన ఏటి అవతలి ఒడ్డుకి కొట్టేది, కుక్కలు కూడా లేచి కూర్చునేవి, అనుకుంది లామియాంగ్, వేదిక మీద సానరాయి ముందు అన్నం పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, తల మీద ఈకల టోపీ, మెడలో పూసలు, ముసలి మెడకి ఎంత బరువని, పక్కన మైకు దగ్గర విర్యవాన్ గారు మాట్లాడుతూనే ఉన్నారు, జకార్తా నుంచి వచ్చిన కంపెనీ పెద్దాయన, వ్యాపారమూ ఊరూ చేయీ చేయీ పట్టుకుని నడవాలంటున్నారు, మనమంతా ఒకే పడవలో ఉన్నామంటున్నారు, ఒకే పడవేమిటి నాయనా, నువ్వొచ్చింది గాజు కిటికీల బోటులో, మాది నీళ్ళు తోడుకుంటూ నడిపే పడవ, నవ్వొచ్చింది కానీ నవ్వితే టోపీ జారుతుంది, కోత అయ్యాక కొత్తన్నం తొలి ముద్ద సానరాయికే పెట్టాలి, కత్తికి పదునిచ్చింది అదే, కూడు పెట్టింది అదే, అది తిన్నాకే మనుషులు తినాలి, అలాంటిది నిప్పు పెట్టబోమని ఊరు మాటిచ్చిన మూడేళ్ళుగా కత్తి మొహం చూడని రాయికి, పంట లేకుండా, కోత లేకుండా, తిను తల్లీ తిను అని అరువు అన్నం పెట్టడమా, ఆయునింగ్ అడిగింది కాబట్టి సరేనంది, కంపెనీ తరఫున ఊళ్ళో ఉండే బోగోర్ పట్నం పిల్ల, మంచిదే పాపం, అమ్మా అతిథులకి మీ పండగ ఒకటి చూపిద్దాం అంది, మా పండగంటే పంటే కదమ్మా, పంటెక్కడిది అంటే, ఊరికే చేసినట్టు చేస్తే చాలమ్మా అంది, చేసినట్టు చెయ్యడం, ఉన్నట్టు ఉండడం, తిన్నట్టు తినడం, ఆ విద్య బాగానే పట్టుబడింది ఊరికి, అయినా దెహెన్ మామ పడవ ఇంకా రాలేదేమిటి, మలుపు దగ్గర ఏదో కదిలింది, కాదు, చెట్టుకొమ్మ కొట్టుకొస్తోంది.

వస్తాడు, రాకపోతే ఎలా, వాడొక్కడే మిగిలాడు, తుంబాంగ్ లెంగన్ ఊరు మొత్తానికి మిగిలిన ఒక్క తలుపు అదే, ఈ రోజు ఈ పెద్దమనుషులు అడగబోయేది ముప్పయ్యేళ్ళ ఒప్పందం, ముప్పయ్యేళ్ళు ఈ నేల మీద నిప్పు పెట్టబోమని ఊరి తరఫున ఆమె నోటితో చెప్పాలి, పెద్ద మనిషి కదా, రాయి ముందు చెప్పిన మాట కదా, సరే చెబుతా, కానీ ఇంటికో మడి, పిడికెడు నేల, ఏడాదికోసారి మేం కాల్చుకుని విత్తుకునేటట్టు వదలండి అని అడగాలనుకుంది, నిప్పు లేకపోతే ఈ పుల్లనేలలో ఎర్రతోక ఎదగదు, బూడిద పడాల్సిందే, కంపెనీ వాళ్ళు కాల్చకుండా వేసి చూపిస్తామని వేశారు కూడా, జానెడు లేచి పచ్చకామెర్లు వచ్చినట్టయి పోయింది, ఆయునింగ్‌తో రహస్యంగా అంటే ఆ పిల్ల, అమ్మా నేను మీ పక్షాన వాదిస్తాను, కానీ విత్తనం ఉందా, ప్రాణమున్న విత్తనం చూపించండి, లేకపోతే ఏం విత్తడానికమ్మా నిప్పు, బియ్యం బస్తాలు మేమిస్తున్నాంగా అంటారు వాళ్ళు, అంది, విత్తనానికేం తల్లీ, ఇంత ఊళ్ళో విత్తనం లేకపోతుందా అని నవ్వింది తను, అబ్బ, ఎంత ధీమాగా నవ్వింది.

తన గాదెలో ఉన్నవి తీసి తడిగుడ్డలో మూటగట్టి చూసింది, పులిసిన వాసన వచ్చింది గానీ ఒక్క గింజా పగల్లేదు, పోనీలే అనుకుంది, ఈ ఊళ్ళో విత్తనం ఎవరింట్లో వాళ్ళు దాచుకునేది కాదు, పక్కింట్లో ఉండేది, అత్తగారు కాపరానికి వచ్చిన రోజే చెప్పింది, నీ పంట ఎండితే పక్కింటికి వెళ్ళు, అడిగితే లేదనకూడదు, ఇచ్చాక తిరిగి అడగకూడదు, అందుకే ఎన్ని వరదలొచ్చినా ఎర్రతోక ఈ ఊరు దాటి పోలేదు, ఇంకో ఊళ్ళో లేదు, అలా వెళ్ళింది పక్కింటి బులావ్ దగ్గరికి, వదినా పిడికెడు వడ్లుంటే పెట్టు అని, బులావ్ మొహం అదోలా పెట్టి, అయ్యో మొన్న వానాకాలంలో దంచి తినేశామే, నీ దగ్గర ఉంటాయి కదా అనుకున్నాం, అంది, ఆ తర్వాత ఇల్లు, వాళ్ళవి పురుగు పట్టి కోళ్ళకి పోశారట, ఆ పైవాళ్ళింట్లో కుండ చూపించారు, పొట్టు తప్ప ఏమీ లేదు, ఎవరింటికి వెళ్ళినా అదే మాట, మా దగ్గర లేకపోతేనేం, ఫలానా వాళ్ళింట్లో ఉంటాయిలే, ఫలానా వాళ్ళని అడిగితే వాళ్ళ చెయ్యి ఇంకో ఇంటి వైపు, ఆ చేతులన్నీ తిరిగి తిరిగి చివరికి తన ఇంటి వైపే చూపించాయి, నువ్వు పెద్దదానివి కదా లామియాంగూ, నువ్వెక్కడో ఓ మూల కాస్త వేసే ఉంటావనుకున్నాం, మాకు చెప్పవేమోలే అనుకున్నాం, అంటే ఊరు ఊరంతా నేను దొంగనని నమ్మి నిశ్చింతగా పడుకుంది, ఇదెక్కడి గౌరవం రా దేవుడా.

ఇహ దెహెన్ మామే, ఎగువన ఏటి పాయలో ఒంటరిగా ఉంటాడు, వాడు మాట వినే రకమా, గవర్నరొచ్చినా గోచీ సర్దుకోడు, పన్ను కట్టమంటే ఏటిని అడగమన్నాడు ఓసారి, తప్పకుండా కాల్చే ఉంటాడు, చాటుగా చిన్న మడైనా విత్తి ఉంటాడు అని ఊరంతా తల ఊపింది, ఊపిన తలల్లో ఆశ, ఆమెకైతే ప్రార్థనే, మూడేళ్ళుగా ఎవరైనా మాట తప్పుతారేమోనని కాపలా కాసింది తనే, ఇప్పుడు దేవుడా దేవుడా వాడైనా తప్పి ఉండాలి అని మొక్కుకుంటోంది, వాడికి కబురు పంపింది, నీ దగ్గరుంటే తీసుకురా మామా, ఎలా వచ్చాయని అడగను, ఒట్టు, అని.

బోఁ... అని కూసింది ఏట్లో, విర్యవాన్ గారి మాట మధ్యలో తెగింది, బొగ్గు బల్లకట్టు, కొండంత నల్లటి గుట్ట వేసుకుని, ముందు లాగే పడవ నల్లటి పొగ కక్కుతూ మెల్లగా, మహారాజులా దిగువకి పోతోంది, అతిథులు నవ్వుకున్నారు, ముందు వరసలో ఎర్ర బాటిక్ చొక్కా ఆయన లేచి సరదాగా దణ్ణం పెట్టాడు, క్షమించండి అది మాదే అన్నాడు, ఇంకా నవ్వారు, ఆయన మనిషి మంచివాడే, పొద్దున్న వచ్చీ రాగానే ఆమె చెయ్యి పట్టుకుని మీలాంటి వాళ్ళ వల్లే భూమి బతికుందమ్మా అన్నాడు, కళ్ళలో నీళ్ళు కూడా పెట్టుకున్నాడు, అప్పుడెప్పుడో ఆయునింగ్ వివరించింది, అమ్మా మీరు వదలకుండా మానేసిన పొగ ఉంది చూశారూ, దాన్ని కొలుస్తాం, కొలిచి అమ్ముతాం, కొనుక్కున్న వాళ్ళు, ఇదిగో ఈ ఎర్ర బాటిక్ ఆయన లాంటివాళ్ళు, అంత మేర తమ పొగ లెక్కలో సర్దుకుంటారు, అని, అంటే వాళ్ళు పొగ వదలొచ్చా అమ్మడూ అని అడిగితే ఆ పిల్ల తల దించుకుని, అంత సూటిగా కాదమ్మా అంది, ఎంత వంకరగా అయితేనేం, పొగ పొగే కదా, మనం పస్తుండి వదిలిన ముద్ద ఇంకొకడి కడుపులోకి పోతే దాన్ని ఉపవాసం అంటారా, అయినా ఒప్పుకున్నది ఆ లెక్కల కోసం కాదు, ఊరిని పొగ కమ్మేసిన ఏడాది వల్ల, ఆ ఏడాది పగలే దీపాలు పెట్టుకున్నారు, మనవరాలు రుయాన్ ఒళ్ళో పడి చేపపిల్లలా నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంది, పెదాలు నీలంగా, తడిగుడ్డ పట్టుకుని కూర్చున్న ఆ రోజులు, ఆ నిప్పు అవతలి పామాయిల్ తోటల్లో, కాలువలు తవ్వి ఎండబెట్టిన నల్లమట్టిలో రగిలింది, మన మడుల నుంచి కాదు, మన నిప్పు చుట్టూ గట్లు వేసి, గాలి చూసి, ఊరంతా కాపు కాసి పెట్టే నిప్పు, మధ్యాహ్నానికి ఆరిపోయేది, ఆ మసే మగాళ్ళు మొహాలకి పూసుకుని, ఆడవాళ్ళకి పూసి, అరుపులు, కేకలు, తనకి మొగుడు నచ్చింది ఆ మసి మొహంతోనే, అవన్నీ తెలుసు తనకి, అయినా ఆ నీలం పెదాలు చూశాక ఎవడి నిప్పయితేనేం, ముందు మన నిప్పు మనం ఆర్పుదాం, మనల్ని చూసి వాళ్ళు ఆర్పుతారు అనుకుంది, ఇల్లిల్లూ తిరిగి అందరి నుదుటా బియ్యప్పిండి నీళ్ళు పెట్టి మాట తీసుకుంది, మనల్ని చూసి నేర్చుకుంటారట, ఎంత పిచ్చిది, పిల్ల బతికింది, అదొక్కటే చాలనుకోవాలి, అనుకుంటే మాత్రం కడుపు మండదా.

వచ్చాడు, వచ్చాడు, మలుపు తిరిగింది పడవ, గూని వీపు, చిరుగుల టోపీ, వాడే, ఒళ్ళో పేము బుట్ట ఉంది, బుట్ట ఉంది అంటే తెచ్చాడన్నమాట, గుండె పడుచుపిల్లలా దడదడ కొట్టుకుంది, మైకులో ఎవరో సుస్థిర భవిష్యత్తు అంటున్నారు, బులావ్ కూడా చూసింది, ఇంకొకరిని మోచేత్తో పొడిచింది, ఊరి వైపు వరసలన్నీ ఏటి వైపు తిరిగాయి, దెహెన్ మామ బురదకాళ్ళతోనే వచ్చి వేదిక అంచున ఆమె పక్కన చతికిలపడ్డాడు, ఆయునింగ్ వద్దనబోయి ఊరుకుంది, ఏమే, ఈ ఈకలేమిటే, పుంజులా ఉన్నావు అన్నాడు, చాల్లే మామా, తెచ్చావా, అంది, తెచ్చా, అని బుట్ట మూత తీశాడు, ఎర్రతోకలే, ఆ ఎర్రటి మీసాలు చూసి ఎన్నాళ్ళయింది, చెయ్యి పెట్టింది, చేతికి బరువే తెలియలేదు, ఒక గింజ పంటి కింద పెట్టి కొరికితే సుద్ద, నోటి నిండా పొడి, మామా ఇవి ఎప్పటివి అంది, ఎప్పటివేమిటే, నువ్వు మాట తీసుకున్న ఏడాదివే, పొయ్యి మీద అటక కింద పొగ తగిలేలా దాచా, మొలకెత్తడం లేదే, పోయిన నెల చూశాను, అన్నాడు, మరి నువ్వు విత్తలేదా, చాటుగానైనా, ఆ పాయలో ఎవడు చూస్తాడు మామా, ఎవడూ చూడడు కదా, అంది, వాడు ఆమె మొహంలోకి తేరిపార చూశాడు, నీకు బుద్ధుందా లామియాంగూ, నా నుదుట పిండి పెట్టి మాట తీసుకున్నది నువ్వు కాదూ, గవర్నరడిగితే ఉమ్మేద్దును, నువ్వడిగావని ఇచ్చా, ఇచ్చాక ఇంకేం విత్తడం, ఆకలేసిన రోజున గట్టు మీదికెళ్ళి అగ్గిపెట్టె పట్టుకుని కూర్చుని తిరిగొచ్చాను గానీ గియ్యలేదే, అయినా నువ్వు వేసుంటావులే, దానికి తెలివి లేకపోలేదు కదా అనుకున్నా, అన్నాడు, వెయ్యలేదు మామా, నేనూ వెయ్యలేదు, అంది, హయ్యో అన్నాడు ముసలాడు నెమ్మదిగా.

అమ్మా, అమ్మా, మీ వంతు, అని ఆయునింగ్ మైకు ఆమె నోటి దగ్గర పెట్టింది, బుట్ట వంక చూసి, ఆ పిల్లకీ అర్థమైంది, వేదిక మీద విర్యవాన్ గారు చేతులు కట్టుకుని వినయంగా ఒంగి అడిగారు, అమ్మా, ఈ మూడేళ్ళలో ఊళ్ళో ఎవరైనా, ఒక్కరైనా, నేల మీద నిప్పు పెట్టారా, మా మిత్రులకి మీ నోటితోనే చెప్పండి, అని, వరసల్లో జనం, బులావ్, కోళ్ళకి పోసినవాళ్ళు, ఖాళీ కుండ చూపించినవాళ్ళు, అందరి కళ్ళూ ఆమె మీద, ఇంకా ఎవరో ఒకరు లేచి నేను పెట్టాను, నేను పెట్టాను అంటారేమోనని చూసింది, అలా అన్నవాడి కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకునేది, ఎవరూ లేవలేదు, లేదయ్యా, ఎవరూ పెట్టలేదు, ఒక్కరు కూడా, అంది, చప్పట్లు, ఎర్ర బాటిక్ ఆయన లేచి నిలబడి మరీ కొట్టాడు, అదీ నమ్మకమంటే, అన్నారు విర్యవాన్ గారు పక్కవాళ్ళతో, అవును నాయనా అదే, ఒక్క వెధవ, ఒక్క అబద్ధాలకోరు పుట్టి ఉంటే ఊరికి ఇవాళ విత్తనం ఉండేది, ఇంటింటికీ పంచేది, అందరమూ పక్కవాడు దొంగై ఉంటాడులే అని భరోసాగా నీతిగా బతికాం, ఇంత నీతి ఎక్కడా దొరకదని కాబోలు ఇంత దూరం వచ్చి కొన్నారు, మరి ముప్పయ్యేళ్ళమ్మా, ఒప్పుకుంటున్నారా, రాయి ముందు మాటిస్తారా, అని మళ్ళీ ఆ వినయపు గొంతు, ఒక్క క్షణం అనిపించింది, ఇప్పుడైనా నేర్చుకోవచ్చు కదా, సరేనని చెప్పి, రేపే వెళ్ళి ఓ మూల కాల్చొచ్చు కదా, జీవితంలో మొదటి అబద్ధం ఈ మైకులోనే చెప్పొచ్చు కదా అని, కాల్చి, ఆ బూడిదలో ఏం వెయ్యాలి, దెహెన్ మామ సుద్ద గింజల బుట్ట మూత పెడుతున్నాడు, ఆమెకి ఒక్కసారిగా తేలికైపోయింది, భయం లేదు, బాధ కూడా లేదు, ముప్పయ్యేం ఖర్మ, మూడు వందల ఏళ్ళైనా సరేనయ్యా, ఒప్పుకుంటున్నాం, అంది మైకులో, గొంతు వణక్కుండా, మాట తప్పాలన్నా గింజ ఉండాలి కదా.