ఆట మర్యాద

టక్, టక్, టక్. వంటశాల తలుపు తెరవకముందే ఆ చప్పుడు వీధిలోకి వస్తుంది. స్టీలు డబ్బాలకు మూతలు పెట్టి, అరచేత్తో అదిమి, ఒక్కొక్కదాన్నీ చెవి దగ్గర ఊపి చూసి, కారదని నమ్మకం కుదిరాకే సంచిలో సర్దే ఆ మనిషిని అందరూ మూతలాయన అంటారు.

అరవైకి దగ్గరపడిన వయసు. ఏళ్ళ తరబడి సంచి మోసిన కుడి భుజం కాస్త కిందికి జారి ఉంటుంది. ఒంటరిగా బతికే ముసలివాళ్ళ ఇళ్ళకు మధ్యాహ్న భోజనం చేర్చడం ఆయన పని. భార్య పోయింది, కూతురు అత్తవారింట్లో ఉంది. తన కోసం ఎదురుచూసే మనిషి ఇంట్లో లేనందుకేనేమో, ఇతరుల ఎదురుచూపును ఆయన అంత భద్రంగా మోసేవాడు.

ఆయన పిన్నీ అని పిలిచే చివరి ఇంటి ముసలావిడకు వేళ్ళలో పట్టు లేదు. మూత ఆయన తీస్తేనే భోజనం; లేదంటే డబ్బా ఎదురుగా ఉన్నా పస్తే.

“మీ పిన్ని ఈపూట ఆకలితో నిన్ను తిట్టుకుంటుంది అన్నయ్యా,” అంది వంటామె. “గోల్ఫు దొరలు వాళ్ళ పోటీకి నిన్ను కూడా రమ్మన్నారు.”

“నన్నెందుకు చెల్లెమ్మా? చిన్నప్పుడు గోలీలాటలోనే అందరికీ లోకువ నేను!”

ఆ పోటీ ఈ భోజనాలకు నిధి పోగుచెయ్యడానికే. అతిథులకు వంటకాలు, ముసలివాళ్ళకు డబ్బాలు వంటామె, మూతలాయనలతోపాటు ఒకే వ్యానులో మైదానానికి చేరాయి. క్లబ్బు కార్యదర్శి ఆయన్ను, బంతి పడాల్సిన చివరి గుంత దగ్గరికి నడిపించాడు.

“అన్నం చేర్చే మనిషే జెండా పట్టుకుంటే ఫొటో నిండుగా ఉంటుందయ్యా.”

“పొద్దుటినించీ ఎడమ చెయ్యి లాగేస్తోందండీ. పైగా నేను వెళ్ళకపోతే మా పిన్ని మూత తీసుకోలేదు.”

“ఒక్క బంతే. తరవాత నిన్నెవరాపుతారు?”

ఎలా నిలబడాలో చెప్పారు. బంతి కొట్టేముందు గుంతలో పాతిన జెండా పీకి పక్కకు తప్పుకోవాలి. ఆడేవాడి చూపుకు అడ్డు రాకూడదు. చుట్టూ ఉన్నవాళ్ళు దగ్గకూడదు, కదలకూడదు. అది ఆట మర్యాద.

ఆటగాడు బంతి మీదికి వంగాడు. మైదానమంతా ఊపిరి బిగబట్టింది. మూతలాయన జెండా పీకాడు, నాలుగడుగులు పక్కకు వేశాడు, మెల్లగా గొంతుక్కూర్చున్నాడు. ఆపైన ముందుకు వంగి, నుదుటిని పచ్చికకు ఆనించాడు.

“ఎంత పద్ధతైన మనిషో చూడండి,” అని ఎవరో గుసగుసలాడారు. పక్కవాళ్ళు ‘ష్’ అన్నారు.

ఆటగాడు నేల వాలు చూసుకున్నాడు. నిలబడే తీరు సరిచేసుకున్నాడు. మళ్ళీ వాలు చూసుకున్నాడు. అంతసేపూ అంతమంది కళ్ళముందు ఆ మనిషి అలాగే ఉన్నాడు; ఒక్కరూ కదల్లేదు. బంతి దొర్లింది. గుంతలో పడింది. చప్పట్లు మార్మోగాయి.

“ఇక లేవయ్యా, అయిపోయింది!” కార్యదర్శి నవ్వుతూ భుజం తట్టాడు. ఆ భుజం తట్టినవైపే ఒరిగిపోయింది.

చప్పట్లు ఒక్కసారిగా ఆగలేదు. దూరాన ఉన్నవాళ్ళు, విషయం తెలియక, ఇంకా కొడుతూనే ఉన్నారు.

అంబులెన్సు వెళ్ళిపోయాక వంటామె చాలాసేపు వ్యానుకు ఆనుకుని నిలబడిపోయింది. ఏడుపు రాలేదు. మూత తీసేవాళ్ళు లేరన్న మాట ఒక్కటే తలలో మోగింది. డ్రైవరును పిలిచి, ఇల్లిల్లూ డబ్బాలు ఇచ్చుకుంటూ చివరి ఇల్లు చేరేసరికి ఎండ వాలిపోయింది.

“ఎవరమ్మా నువ్వు? మా అబ్బాయేడీ?” ముసలావిడ గుమ్మంలోకి తొంగిచూసింది. “వాడికని నారింజ ఒలిచి పెట్టాను, ఎండిపోతోంది.”

వంటామె లోపలికి వచ్చి, మూత తీసి, డబ్బా ఆవిడ ముందు ఉంచింది. ఇన్నేళ్ళూ అన్నయ్యా అని మాత్రమే పిలిచిన నోటితో, ఆయన అసలు పేరు పైకి పలికింది. చూపు కిటికీ వైపు తిప్పుకుంది. కిటికీ గట్టు మీద, పట్టులేని వేళ్ళు ఎంతసేపు పెనుగులాడి ఒలిచాయో, తొనలన్నీ చిట్లిన సగం నారింజ.