నవ్వుల మేడమ్ నేర్పిన మాట

ఆ హోటల్లో ఆమెను అందరూ నవ్వుల మేడమ్ అనేవాళ్ళు. కొత్తగా చేరినవాళ్ళకు అతిథి మనసు గెలుచుకోవడం నేర్పడం ఆమె ఉద్యోగం. మంచం ఎక్కడైనా మంచమే, మనిషి మళ్ళీ ఈ గుమ్మమే వెతుక్కుంటూ రావాలంటే మాట కావాలి అనేది ఆమె సిద్ధాంతం. ఆ విద్య ఆమెకు కొట్టిన పిండి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈవిడ రచ్చ గెలిచే హడావిడిలో పడి ఇంటి సంగతి చూసుకోలేదు.

ఈసారి రిసెప్షన్ పనికి చేరినవాళ్ళలో ఆమె కూతురు కూడా ఉంది. భర్త పోయాక ఆమెకు మిగిలింది ఆ పిల్ల ఒక్కతే.

"అతిథి దగ్గాడనుకోండి," అంది మేడమ్ తరగతిలో. "అడక్కుండానే వేడినీళ్ళు పంపండి. తర్వాత మీరే వెళ్ళి, 'మీ దగ్గు విన్నాక పని మీద మనసు నిలవలేదండీ' అనండి. కాస్త గొంతు తగ్గించి అనాలి. కిటుకంతా అక్కడే ఉంది."

అందరూ రాసుకుంటుంటే కూతురు లేచి నిలబడింది.

"మేడమ్, నాకు జ్వరమొచ్చి దగ్గుతున్నప్పుడు కూడా ఇదే మాట అన్నారు. గొంతు కూడా ఇలాగే తగ్గించారు. ముందు ఎవరితో అన్నారు? నాతోనా, అతిథితోనా?"

తరగతి గొల్లుమంది. మేడమ్ కూడా నవ్వింది, అలవాటు కదా. నవ్వుతూనే ఆలోచనలో పడింది. కూతురి మంచం పక్కన పుట్టిన మాటను హోటల్‌కు తెచ్చిందో, హోటల్లో అరగదీసిన మాటనే ఇంటికి పట్టుకెళ్ళిందో, ఎంత తలబద్దలు కొట్టుకున్నా ఆమెకు గుర్తు రాలేదు.

ఆ సాయంత్రం కూతురు బట్టలు సర్దుకుంది.

"పిన్ని వాళ్ళింట్లో ఉంటానమ్మా."

"మీ పిన్ని దగ్గరా? అది నోరు తెరిస్తే తిట్లేగా!"

"తిడుతుంది. కానీ ఆ తిట్లు నా కోసమే తిడుతుంది. ఊళ్ళోవాళ్ళందరికీ పంచి, మిగిలినవి నాకు పెట్టదు."

తల్లి బతిమాలుదామని నోరు తెరిచింది. 'నువ్వు లేకపోతే ఇల్లు బోసిపోతుంది' అనబోయింది. అది గది ఖాళీ చేసేవాళ్ళకు చెప్పే మాట. 'నేనేమైనా లోటు చేశానా' అనబోయింది. అది అలిగిన అతిథికి. పోనీ చెయ్యి పట్టుకుందామంటే, ఎంతసేపు పట్టుకోవాలో కూడా తరగతిలో చెప్పి ఉంది. ప్రేమ లేక కాదు, కడుపు తరుక్కుపోతోంది. ఆ కడుపుకోత చెప్పడానికి వాడని మాట ఒక్కటీ మిగల్లేదు ఆమె దగ్గర. ఏం చదువో, దిక్కుమాలిన చదువు!

గుమ్మం దగ్గర కూతురే ఆగింది. ఎంత కోపమున్నా తల్లి కదా. కళ్ళనిండా నీళ్ళు, చూపు నేలమీద. మాట సగం మింగేస్తూ, "వెళ్ళొస్తానమ్మా. వేళకి తిను," అంది.

తల్లి కూడా ఏడుస్తూనే ఉంది. ఏడుస్తూనే, ఏళ్ళ తరబడి తరగతిలో రోజూ అనే మాట తనకు తెలియకుండానే అనేసింది.

"తలెత్తి చెప్పాలి. మాట మింగకూడదు."

అన్నాక నాలుక కరుచుకుంది. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. కూతురు కళ్ళు తుడుచుకుంది. తలెత్తి, చిరునవ్వు నవ్వి, చక్కగా వినపడేలా మళ్ళీ చెప్పింది.

"వెళ్ళొస్తానండీ. వేళకి భోంచెయ్యండి."

ఎక్కడా తప్పు లేదు. ఆమె నేర్పినవాళ్ళలో అంత బాగా చెప్పినవాళ్ళు ఇంతవరకూ లేరు.