చెల్లెలి వాటాకొచ్చిన గాలి

రేవు పక్క కుట్టు కొట్టు తెరవగానే చెల్లెలు మొదట చేసే పని గుడ్డల మీద బరువులు పెట్టడం. ఒకదాని మీద ఇస్త్రీపెట్టె, ఇంకోదాని మీద పెద్ద కత్తెర. లేకపోతే అటక మీద సంచిలో మడతపెట్టి ఉన్న పడవ ముందు తెరచాపలోంచి గాలి దిగొచ్చి, కత్తిరించిన చేతులూ కాలర్లూ వీధిలోకి ఈడ్చుకుపోతుంది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు జుట్టు సవరించుకుంటూ, "మీ గాలి ఇవాళ మంచి హుషారు మీదుంది" అని పలకరిస్తారు.

ఆ గాలి వాళ్ల నాన్నది. ఆయన పోయాక పంపకాల్లో పడవా, పెద్ద తెరచాపా అక్కకు వెళ్లాయి. కొట్టూ, ముందు తెరచాపా చెల్లెలికొచ్చాయి. గాలి ముందు తెరచాపలోనే పడుకునేది కాబట్టి అదీ ఆమె వాటాలోనే పడింది. "అక్కకి గాలెందుకు, బావ కబుర్లలో కావలసినంత ఉందిగా" అని చెల్లెలు నోరు జారింది. ఆ రోజు నుంచి ఇద్దరూ ఎడమొహం పెడమొహం.

అక్క పెద్ద తెరచాపతోనే, దారిన పోయే గాలులతో జనాన్ని అవతలి ఒడ్డుకి దాటిస్తోంది. ఎదురుగాలి వస్తే, ముందు తెరచాప లేక పడవ ముక్కు తిరగదు, తెడ్లు వెయ్యాలి. రోజూ ఉద్యోగాలకి ఆలస్యమవుతుంటే జనానికి విసుగొచ్చింది.

ఒక ఉదయం బావ కొట్టుకొచ్చాడు.

"ఇవాళ కూడా ఆలస్యమైతే రేపట్నుంచి మోటారు పడవ పెడతారట. మా పని అయిపోయినట్టే. ఈ ఒక్కపూటకీ ముందు తెరచాప ఇవ్వమ్మా."

"అక్క అడగమందా?"

"అడగమనలేదు. వద్దనీ అనలేదు."

చెల్లెలు అటకెక్కి సంచి దించి ఇచ్చింది. గాలి కూడా బుద్ధిగా సంచిలోనే వెళ్లిపోయింది. కొట్టులో ఉక్కపోత మొదలైంది.

చూడకూడదనుకుంటూనే కిటికీలోంచి రేవులోకి చూసింది. చిన్నప్పట్నుంచీ నాన్న పడవ మీద పెద్ద చాప పని అక్కది, ముందు చాప పని తనది. ఒకరి పని ఒకరికి రాదు. అక్క పైన ఉండాల్సిన సన్నటి మూలని పడవ ముక్కుకి కట్టి, చాపని తలకిందులుగా పైకి లాగుతోంది. గాలికి అందులో చోటు దొరక్క జనం టోపీలు ఎగరగొడుతోంది. ఎవరో నవ్వారు. అందరి ముందూ తెల్లమొహం వేసుకుని నిలబడ్డ అక్కని చూసి చెల్లెలికి ఏడుపొచ్చింది. కొట్టు తెరిచే వదిలేసి పరిగెత్తింది.

అక్క చేతిలోంచి తాడు తీసుకుని చాప దించింది. ముందు మూలని పడవ ముక్కుకి బిగించింది. ముక్కు నుంచి తెరచాప కొయ్య కొసకి వెళ్లే తీగకి కింది నుంచి పైకి చాప అంచు కొక్కేలు తగిలించింది, అన్నిటి నోళ్లూ ఒకే వైపుండేలా. సన్నటి మూలకి పైకి లాగే తాడు కట్టింది. వెనక మూలకి రెండు తాళ్లు ముడేసి, చెరో పక్కగా వెనక్కి తెచ్చింది. చాప లేచింది.

"నేను దిగుతా బావా" అంది.

రేవులో కట్టుతాడు పట్టుకున్న బావ చేతిలోంచి అది అప్పటికే జారిపోయింది. ఆయన ఒడ్డునే ఉండిపోయాడు, పడవ కదిలిపోయింది.

గాలి తలుచుకుంటే వెనక నుంచి తోసి ఒక్క ఊపులో దాటించేది. అలా చెయ్యకుండా ముందుకెళ్లి ఎదురు తిరిగింది. ఎదురుగాలిలో పడవ అటూ ఇటూ మలుపులు తిరుగుతూ పోవాలి. ప్రతి మలుపులోనూ చుక్కాని పట్టినవాళ్లు చెప్పాలి, ముందు చాప తాడు పట్టినవాళ్లు వదలాలి.

మొదటి మలుపులో చుక్కాని పట్టిన అక్క జనం వైపు చూస్తూ, "తిప్పుతున్నా. ఎవరైనా ఆ తాడు వదలండి" అంది.

రెండోసారి, "తాడు వదులు" అంది.

మూడోసారి, "వదలవే మొద్దూ, ఎన్నిసార్లు చెప్పాలి?" అంది. చెల్లెలికి కళ్లనిండా నీళ్లొచ్చాయి. తాడు వదిలి, రెండోవైపుది లాగింది.

పడవ వేళకే చేరింది. మోటారు పడవ మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. తిరుగు ప్రయాణానికి జనం ఎక్కుతుంటే చెల్లెలు దిగబోయింది.

"ఎక్కడికే?" అంది అక్క, దారి ఇవ్వకుండా. "ఇటు కూడా ఎదురుగాలే."