నొప్పి పోయిన కాలు

మేం అప్ప అని పిలిచే మా అక్క ముసలమ్మ మొగుడు పోలిరాజు బావ కుడి మోకాలు నొప్పి అన్నప్పుడు మా జాలరిపేటలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. సముద్రంలో వల లాగేటప్పుడు కుడి మోకాలిని బోటు అంచుకి ఆనించి, బరువంతా దాని మీదే వేసి లాగుతాం. ఆ అంచుకి మోకాలు అప్పజెప్పనివాడు ఈ ఒడ్డున లేడు. కాబట్టి మోకాలు నొప్పంటే అది బోటు చేసిన పనే, ఇంకో మాట లేదు. మేమంతా అలాగే అనుకున్నాం. మా తెలివి అంతవరకే.

సొరచేప నూనె రాశాడు. పసుపు కట్టాడు. మందుల షాపులో అడిగి బిళ్లలు మింగాడు. మోకాలు వాచిందా అంటే లేదు, ముట్టుకుంటే నొప్పీ లేదు. అయినా కూర్చున్నా లేచినా మూలుగే. దగ్గినప్పుడల్లా నడుము పట్టుకుంటున్నాడని అప్ప ఒకసారి అంది.

"నొప్పి మోకాల్లో ఉంటే నడుం గోలేటే నీకు?" అని కసిరాడు. అప్ప మళ్లీ ఆ ఊసెత్తలేదు. మా బావ మొండితనం ముందు సముద్రమే నయం.

ఎండాకాలం, చేపల వేట నిషేధం రోజులొచ్చాయి. మా పెద్దవాళ్ల వైద్యం ఒకటుంది. మిట్టమధ్యాహ్నం కాలిన ఇసకలో కాలు మోకాలి పైదాకా పూడ్చుకుని కూర్చోవాలి. బావ రోజూ వెళ్లి కూర్చునేవాడు. ఒకనాడు కేకలేస్తూ ఇంటికొచ్చాడు.

"తగ్గిపోనాది బావా! సూడు, రవ్వంత నొప్పి నేదు. నిషేధం అయిపోగానే నాను వల కాడికొచ్చేత్తను."

అప్ప ఆ పూట పాయసం వండింది. నాకూ సంతోషమేసింది, దాచడమెందుకు? మర్నాడు చూద్దును కదా, పిక్క నిండా బొబ్బలు. ఇసక కాల్చేసింది, ఆయనకి తెలియనే లేదు. కుడికాలి చెప్పు వీధిలోనే ఊడిపోతే అదీ తెలియకుండా ఇంట్లోకొచ్చాడు. నాకు ఒళ్లు మండింది, భయమూ వేసింది. ఆటో ఎక్కించి ఆసుపత్రికి లాక్కుపోయాను.

డాక్టర్ మధులత గారు మోకాలు నొక్కి చూసి, పాదం పైకెత్తమన్నారు. వేళ్లు కాస్త కదిలాయి, పాదం లేవలేదు. నడుముకి స్కానింగ్ తీయించారు.

"జబ్బు మోకాల్లో లేదండీ, నడుములో ఉంది. అక్కడ డిస్కు జారి నరాన్ని నొక్కేస్తోంది. ఆ నరం నడుములోంచి మోకాలి మీదుగా పాదం దాకా వెళ్తుంది. నడుములో నలిగితే నొప్పి మోకాల్లో తెలిసింది."

"మరిప్పుడు తగ్గిపోనాది కదమ్మా?"

"తగ్గలేదు. నరం చచ్చుబడుతోంది, అందుకే నొప్పి తెలియడం లేదు. నొప్పి ఉన్నప్పుడే రావలసింది."

బావ నా మొహంలోకి చూశాడు. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను.

నడుముకి ఆపరేషన్ చేశారు. కాలికి మళ్లీ బలం వస్తుందో రాదో చెప్పలేమన్నారు. బావ మాత్రం నిషేధం ముగిసిన పొద్దున అందరికంటే ముందే ఒడ్డున నిలబడ్డాడు.

"ఇంటికెల్లు బావా," అన్నాను.

"వల కాడ నా సోటు ఇంకోడికి ఇచ్చేత్తావేటి?"

బోటు నీళ్లలోకి తోశాం. బావ అంచు పట్టుకుని ఎడం కాలు లోపల వేశాడు. కుడి కాలు వెంట రాలేదు. పాదం అంచుకి తట్టుకుని వెనక్కి పడ్డాడు. కెరటం ఆయన మీంచి పోయింది. పైకి లాగి ఇసకలో కూర్చోబెట్టాం. ఆయన చోట మా పేట సూరన్న ఎక్కాడు. నేనే ఎక్కమన్నాను, ఇంకేం చేయను?

ఆ సాయంత్రం నేను వెళ్లేసరికి బావ గుమ్మంలో గోడకి చేరబడి కళ్లు మూసుకుని ఉన్నాడు. అప్ప ఎదురుగా కూర్చుని ఆ పాదం ఒళ్లో పెట్టుకుని నొక్కుతోంది.

"తెలుత్తందా?"

"ఇంకాస్త గట్టిగా నొక్కు."

గోళ్లు దిగేలా నొక్కింది. బావ మొహంలో ఏమీ లేదు. అప్ప చేతులు తీసేసింది.

"ఆఁ... ఇప్పుడు తెలుత్తంది," అన్నాడు బావ, కళ్లు తెరవకుండానే. "నొప్పెడతంది కూడానే. రేపో మాపో లెగుత్తాది సూడు. అలాగే నొక్కు, సెయ్యి ఒగ్గీకు."

అప్ప రెండు చేతులతో కొంగు నోట్లో కుక్కుకుని, చప్పుడు కాకుండా ఏడుస్తోంది.